మంట ఇచ్చే సాక్ష్యం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లు. ఇక్కడి పొడిగాలి, చల్లదనం టీబీ రోగులకు మంచివనే 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం వెలిసింది. పుష్యమాసపు తెల్లవారుజామున ఈ ఊళ్లలో చన్నీళ్లు ముట్టుకోబుద్ధి కాదు. అందుకే చాలా ఇళ్లలో గ్యాస్ గీజర్లు చేరాయి. కొళాయి తిప్పగానే టకటకా నిప్పురవ్వలు, భగ్గుమని మంట. ఒక్కోసారి ఆ మంట మూడు నాలుగు సెకన్లకే ఆరిపోతుంది, మళ్లీ తిప్పినా అంతే. మెకానిక్‌కు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒకటే: “పిన్ను తుడిచినారా సార్?”

గీజర్ మూత విప్పి బర్నర్ దగ్గర చూడండి. తెల్లని పింగాణీ గొట్టాల్లోంచి సన్నటి లోహపు కడ్డీలు బయటికి వచ్చి ఉంటాయి. ఒకదాని కొనన నిప్పురవ్వ పుడుతుంది. ఇంకొకటి మంటలోకి చొచ్చుకుని ఊరికే నిలబడినట్టు కనిపిస్తుంది. మెకానిక్ అడిగిన పిన్ను ఇదే, మంట వెలిగిందో లేదో చెప్పేదీ ఇదే. ఇది చెప్పకపోతే గ్యాస్ వాల్వ్ మూసుకుపోతుంది.

ఈ పని మొదట థర్మోకపుల్ చేసేది. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఆ అతుకును వేడి చేస్తే కరెంటు పుడుతుందన్న సంగతి 1821లో జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ ప్రయోగంతో బయటపడింది. మంటలో పెట్టిన అతుకు ఇచ్చే కొన్ని మిల్లీవోల్టులతోనే చిన్న విద్యుదయస్కాంతం వాల్వ్‌ను తెరిచి పట్టుకుంటుంది. బయటి కరెంటు అక్కర్లేదు. నాకు ఇప్పటికీ ఇది అపురూపమైన ఏర్పాటే. కాకపోతే మంట ఆరాక అతుకు చల్లారేదాకా వాల్వ్ మూసుకోదు. చిన్న పొయ్యికి ఆ ఆలస్యం ఫరవాలేదు. బేకరీ ఓవెన్‌కు బిగించిన పెద్ద బర్నరైతే ఆలోగా ఓవెన్ నిండా గ్యాస్ పట్టేస్తుంది.

అందుకే మంటనే వైరుగా వాడుకునే పద్ధతి వచ్చింది. గ్యాస్ మండేటప్పుడు ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివడతాయి కాబట్టి మంటలో కరెంటు పారుతుంది. పిన్నుకూ బర్నర్ ఒంటికీ మధ్య ఏసీ కరెంటు పెడతారు. పిన్ను చిన్నది, బర్నర్ పెద్దది. పిన్ను పాజిటివ్‌గా ఉన్న క్షణంలో తేలికైన ఎలక్ట్రాన్లు దాని మీదికి దూకుతాయి, బరువైన అయాన్లను బర్నర్ వెడల్పు అందుకుంటుంది. దిశ మారిన క్షణంలో అయాన్లు ఆ చిన్న పిన్ను మీదికే చేరాలి, కొన్నే చేరగలుగుతాయి. అలా ఏసీ కాస్తా ఒకవైపే ఎక్కువగా పారే కరెంటు అవుతుంది. అది కొన్ని మైక్రోఆంపియర్లే, అంటే ఆంపియర్‌లో పది లక్షల వంతుల లెక్క. తేమ వల్లో మసి వల్లో పిన్ను బర్నర్‌కు షార్ట్ అయితే కరెంటు రెండువైపులా సమానంగా పారుతుంది, ఆ సంకేతం చూసి వాల్వ్‌ను నడిపే కంట్రోలర్ దాన్ని మంటగా ఒప్పుకోదు. దొంగసాక్ష్యానికి చోటులేని ఈ ఉపాయం ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఇంత సన్నటి కరెంటు కాబట్టే చిన్న అడ్డంకికీ తెగిపోతుంది. పిన్ను మీద కంటికి ఆనని పొర పట్టినా, పింగాణీకి పగులొచ్చినా, గాలి ఎక్కువై మంట బర్నర్‌ను వదిలి పైకి లేచినా సంకేతం పడిపోతుంది. సన్నటి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దితే పొర పోతుంది. గీజర్‌లోనైతే బ్యాటరీలు కూడా మార్చి చూడాలి, అవి నీరసిస్తే వాల్వ్ నిలవదు.

బేకరీ ఓవెన్ల దగ్గర ఇంకో చిక్కుంది. మామూలు కరెంటు మీద చక్కగా నడిచే బర్నర్, కరెంటు పోయి జనరేటర్ వేయగానే వెలిగి ఆరిపోతూ ఉంటుంది. మంటగుండా వెళ్లిన కరెంటు బర్నర్ ఒంటినుంచి ఎర్త్ ద్వారా న్యూట్రల్‌కు తిరిగి చేరాలి. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలపరు. దారి లేక సంకేతం ఆగిపోతుంది, పిన్ను ఎంత తుడిచినా లాభం ఉండదు. ఎర్త్ వైరు తెగినా ఇదే గతి. కొన్ని కంట్రోలర్లు ఫేజు, న్యూట్రల్ తారుమారైనా మొండికేస్తాయి. అందుకే పిన్ను తీగకు వరుసగా మైక్రోఆంపియర్ మీటర్ పెట్టి చూసేవాడే నికరమైన మెకానిక్.

మంట కనబడకపోతే కంట్రోలర్ గ్యాస్ ఆపి ఎర్రలైటు వేసి లాకౌట్‌లోకి పోతుంది. అప్పుడు రీసెట్ బటన్ పదేపదే నొక్కకండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, కిందే పేరుకుంటుంది. గాలిలో సుమారు రెండు శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. ఓవెన్ బర్నర్లలో వెలిగించే ముందు ఫ్యాన్ కాసేపు ఉత్తగా తిరిగేది ఆ గ్యాస్‌ను తరిమెయ్యడానికే. పని ఆగిపోతుందని సెన్సర్‌ను బైపాస్ చేయడం ప్రాణాలతో చెలగాటం.

గీజర్ సంగతిలో ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఆ పిన్నుకు తెలిసింది మంట ఒక్కటే, గదిలో గాలి సంగతి దానికి పట్టదు. తలుపులన్నీ మూసిన స్నానాల గదిలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపుతున్నా గీజర్ మండుతూనే ఉండగలదు. దాన్ని గది బయట బిగించి, పొగగొట్టం ఆకాశంలోకి తియ్యాలి.

1999లో దీపం పథకం మొదలై పొదుపు సంఘాల మహిళల ఇళ్లకు గ్యాస్ చేరింది. పొగ తగ్గింది, ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు తెరిపిన పడ్డాయి. కానీ మన వంటింటి స్టవ్‌లలో చాలావాటికి ఈ కాపలా నేటికీ లేదు. పాలు పొంగి మంట ఆరితే గ్యాస్ వస్తూనే ఉంటుంది. థర్మోకపుల్ ఉన్న స్టవ్‌లు బజార్లో దొరుకుతున్నాయి. కొనేటప్పుడు బర్నర్ పక్కన నిప్పురవ్వ పిన్నుతోపాటు రెండో కడ్డీ కూడా ఉందా అని అడగండి. వెలిగించి, నాబ్ అలాగే ఉంచి, మంటను ఊది ఆర్పమనండి. కాసేపటికి లోపల వాల్వ్ టక్కున మూసుకుంటే అది పనిచేస్తున్నట్టు.