'గో హోమ్' మధ్యలో 'టు' ఎందుకు రాదు?

పిఠాపురం చుట్టుపక్కల నుంచి గల్ఫ్ ఉద్యోగాలకి పోయేవాళ్లూ, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లూ తడబడే వాక్యం ఒకటుంది: "ఐ వాంట్ టు గో టు అబ్రాడ్." ఇందులో రెండో 'టు' తప్పు. మరి "గో టు కువైట్" ఎలా ఒప్పయింది?

మనం తెలుగులో బడికి, ఇంటికి, విదేశానికి, పైకి అని అన్నిటికీ 'కి' తగిలిస్తాం. ఆ 'కి'నే 'టు' అనుకుని ఇంగ్లీషులో ప్రతిచోటా పెట్టేస్తాం. అక్కడే దెబ్బతింటాం. వెళ్లే చోటు చెప్పేటప్పుడు ఇంగ్లీషులో 'టు' నామవాచకం ముందు వస్తుంది. కువైట్, స్కూల్, మార్కెట్ నామవాచకాలు. అబ్రాడ్, హియర్, దేర్, అప్‌స్టెయిర్స్ మాత్రం క్రియావిశేషణాలు, అంటే 'కి' ముందే కలిసిపోయిన మాటలు. అబ్రాడ్ అంటే 'విదేశం' కాదు, 'విదేశానికి' లేదా 'విదేశంలో'. దానికి మళ్లీ 'టు' పెడితే 'విదేశానికికి' అన్నట్టే!

అసలు చిక్కు 'హోమ్'తో. దానికి రెండు వేషాలు. ఒంటరిగా ఉంటే క్రియావిశేషణం: గో హోమ్, కమ్ హోమ్. ముందు 'మై', 'హిజ్' లాంటివి చేరితే నామవాచకం, అప్పుడు 'టు' కావాలి: కమ్ టు మై హోమ్. ఈ 'మై' పరీక్ష మిగతావాటికీ పనికొస్తుంది. 'మై స్కూల్' అనగలం, 'మై అబ్రాడ్' అనలేం కదా.

ఉర్దూ వచ్చినవాళ్లకి ఇంకో తిరకాసు. పుస్తకాల ఉర్దూలో "ఘర్ జా రహా హూఁ" అంటే చాలు, 'కో' అక్కర్లేదు. అచ్చం 'గో హోమ్' లాగే ఉంది. కానీ ఉర్దూలో "స్కూల్ జా రహా హూఁ" అని కూడా అంటారు. దాన్ని అలాగే ఇంగ్లీషులో దించితే "గో స్కూల్" అవుతుంది, అది తప్పు. దక్కనీలో 'ఘర్ కు' అనేవాళ్లు మళ్లీ తెలుగువాళ్ల తప్పే చేస్తారు.

అనుమానం వస్తే డిక్షనరీలో మాట పక్కనుండే పొట్టి అక్షరాలు చూడండి. 'ఎన్' ఉంటే నామవాచకం, 'ఏడీవీ' ఉంటే క్రియావిశేషణం. హోమ్‌కి రెండూ ఉంటాయి. మన పిఠాపురం మహారాజా వారి పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువులోనూ మాటల పక్కన 'వి.' లాంటి గుర్తులుంటాయి. చాలామంది అర్థం చూసి మూసేస్తారు, ఆ అక్షరాల జోలికే పోరు.

ఒక్కమాట. అడ్డు 'టు'కే గానీ 'ఫ్రమ్'కి కాదు. 'ఫ్రమ్ అబ్రాడ్', 'వర్క్ ఫ్రమ్ హోమ్' రెండూ సరైనవే. "రీచ్డ్ టు కాకినాడ" మాత్రం వేరే తప్పు. కాకినాడ నామవాచకమే అయినా, ఫలానా చోటికి చేరామని చెప్పేటప్పుడు 'రీచ్' 'టు'ని ఒప్పుకోదు.