కంప్యూటరులోని మేళము

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు పాటల మేళము ఎట్లు సమకూర్చుకొనవలెనను చిక్కు వచ్చినది. ఎన్నో ఏండ్లుగా మనకు హార్మోనియము వాయించుచుండిన పెద్దలు వృద్ధాప్యముచే రాలేకపోయిరి. ఆ స్థానమున కూర్చుండదగినవారు ఈ షోలాపురములో ఎంత వెదకినను మాకు దొరకలేదు. అప్పుడు పదవ తరగతి విద్యార్థులు ముగ్గురు మా యొద్దకు వచ్చి, "సార్, మేళం మేము కంప్యూటర్లో కడతాం" అనిరి. మేము సందేహించుచునే సమ్మతించితిమి. వారు పది దినములు శ్రమించి వేణువు, వయొలిను, మృదంగము, చప్పట్లు అన్నియు ఆ యంత్రములోనే కూర్చిరి. సభవారు మెచ్చుకొనిరి. అయితే బతుకమ్మ పాట ముగిసిన పిమ్మట, ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ ఆ పిల్లలను దగ్గరకు పిలిచి, "పాట మంచిగున్నది బిడ్డా. గని గా చప్పట్లు మనయి గావు" అన్నది.

ఆ యొక్క మాటయే ఈ వ్యాసమునకు కారణము. ఆమె చెవికి తోచిన లోప మేమి? కంప్యూటరులో వాద్యము ఎట్లు పలుకును? దానిలో మనది ఏది, మనది కానిది ఏది? యంత్రము వచ్చి చేతిపనిని మార్చివేయుట నేతవారమైన మనకు క్రొత్త కాదు. చేమగ్గము పోయి మరమగ్గము వచ్చిన కాలమును మన తాతలు కన్నులార చూచిరి. కావున యంత్రమును చూచి బెదరుటయు, మురియుటయు మాని, అది ఏమి చేయునో ముందుగా తెలిసికొనుట మనకు తగిన పని.

ధ్వని యనగా గాలిలోని కంపనము. సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను మానవుని చెవి వినగలదు. మైక్రోఫోను ఈ కంపనమును విద్యుత్తుగా మార్చును. కంప్యూటరు ఆ విద్యుత్తును క్షణక్షణమునకు కొలిచి, కొలతలను అంకెలుగా వ్రాసికొనును. ఒక్కొక్క కొలతకు శాంపిలు అని పేరు. వినదగిన కంపనముల సంఖ్యకు రెట్టింపునకు మించి కొలతలు తీసినచో ధ్వని చెడక తిరిగి వచ్చునని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అందుచేతనే కాంపాక్టు డిస్కునందు సెకనుకు 44,100 కొలతలు ఉండును. ఒక్కొక్క కొలతయు 65,536 మెట్లలో ఏదో యొక మెట్టుపై నిలుచును. కుడి యెడమ చెవులు రెంటికిని కలిపి ఒక నిమిషపు పాటకు కోటికి పైగా బైట్లు పట్టును. పాట యంతయు అంకెలైన పిమ్మట దానిని కూడవచ్చును, తీసివేయవచ్చును, హెచ్చించవచ్చును. కంప్యూటరు సంగీత మంతయు ఈ గణితముపైననే నిలిచియున్నది.

ఈ మేళములో మొదటి పనిముట్టు శాంప్లరు. అది నిజమైన వాద్యపు ధ్వనిని దాచుకొని, మీట నొక్కినప్పుడు వినిపించును. 1963లో ఇంగ్లండులో వచ్చిన మెల్లోట్రాను అను వాద్యములో ఒక్కొక్క మీట క్రింద ఒక్కొక్క టేపు ముక్క ఉండెడిది. మీట నొక్కినచో ఆ టేపు సుమారు ఎనిమిది సెకనులు తిరిగి వయొలినో వేణువో పలికెడిది. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైటు ఆ టేపునకు బదులు అంకెలను వాడినది. నేడు ఆ పని యంతయు ఇంటిలోని కంప్యూటరే చేయుచున్నది.

శాంప్లరులో ఒక కిటుకు కలదు. సెకనుకు 440 కంపనములు గల స్వరమును రెట్టింపు వేగముతో త్రిప్పినచో 880 కంపనములై పైస్థాయి స్వరము వినబడును. కాని దాని నిడివి సగమగును, గొంతు కీచుమనును. అందువలన మంచి శాంప్లరులో ఒకే ధ్వనిని సాగదీయక, కొన్ని కొన్ని స్వరములకు ఒక్కొక్కటిగా వేరువేరు రికార్డులు చేయుదురు. మెల్లగా మీటిన ధ్వని వేరు, గట్టిగా మీటిన ధ్వని వేరు గనుక వానిని గూడ వేరువేరుగా దాచెదరు. 1983లో వచ్చిన మిడి అను సంకేతభాష మీట నొక్కిన బలమును 0 మొదలు 127 వరకు గల అంకెలతో తెలుపును. ఆ అంకెను చూచి శాంప్లరు తగిన ధ్వనిని ఎన్నుకొనును.

మరి చప్పట్ల సంగతి యేమి? మన పిల్లలు వాడినది ఎక్కడనో, ఎవరో కొట్టిన ఒకే యొక చప్పట్టు. అది పాట పొడవునా నూరుసార్లు అక్షరమైనను మారక పలికినది. నిజముగా ఏ మనిషియు రెండుసార్లు ఒకే విధముగా చప్పట్టు కొట్టజాలడు. ఈ లోపమును పోగొట్టుటకు ఒకే దెబ్బకు పలు రికార్డులు చేసి, వంతులవారీగా ఒక్కొక్కటి వచ్చునట్లు శాంప్లరులో అమర్చుదురు. మన విద్యార్థులకు ఆ సంగతి అప్పటికి తెలియదు.

రెండవ లోపము కాలమునందున్నది. కంప్యూటరులో పాటను గళ్ళు గీసిన తెరపై వ్రాయుదురు. నిలువున స్వరములు, అడ్డముగా కాలము. మన ఊరి దుప్పట్ల నమూనాను గళ్ళ కాగితముపై గీసి, దానినిబట్టి అట్టలకు రంధ్రములు కొట్టి జకార్డు మగ్గమునకు ఎక్కించుట చూచినవారికి ఇది వెంటనే తెలియును. ఈ తెరకు పియానో రోలు అని పేరు. పూర్వము తమంతట తామే వాయించు పియానోలకు ఎక్కించిన రంధ్రముల కాగితపు చుట్టనుండి ఆ పేరు వచ్చినది. 1804 నాటి జకార్డు అట్టయు, ఆ కాగితపు చుట్టయు, నేటి తెరయు ఒకే ఆలోచనకు మూడు రూపములు. రంధ్ర మున్నచోట మగ్గములో పడుగు పోగు లేచును, ఇచ్చట స్వరము లేచును. అయితే గడి గీత ఎంత తిన్నగా నుండునో తాళమును అంత తిన్నగా పడును. పదిమంది ఆడవారు వలయముగా తిరుగుచు కొట్టు చప్పట్లు అట్లు పడవు. సెకనులో కొన్ని నూరవ వంతులు ఒకరివి ముందును, ఒకరివి వెనుకను పడును. ఆ చిన్న తేడాలలోనే మనుష్యులున్నారు. అవ్వ చెవికి తోచిన కొరత అదియే.

రెండవ పనిముట్టు సింథసైజరు. ఇది ఎవరి ధ్వనిని దాచుకొనదు, తానే పుట్టించును. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్సు మాథ్యూసు కంప్యూటరుచే పాట పలికించెను. 1964లో రాబర్టు మూగ్ విద్యుత్ సింథసైజరును నిర్మించెను. దాని పద్ధతి సులభముగా తెలియును. తీగను మీటినప్పుడు ఒక్క కంపనమే గాక, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు గల కంపనములును తోడుగా పుట్టును. వీనికి అనుస్వరములని పేరు. ఒకే స్వరమును వీణపై విన్నను, వేణువుపై విన్నను భేదము తెలియుటకు ముఖ్యకారణము ఈ అనుస్వరముల పాళ్ళు వేరగుటయే. సింథసైజరు ముందుగా అనుస్వరములు దండిగా గల ధ్వనిని పుట్టించి, జల్లెడవంటి ఫిల్టరుతో అక్కరలేని వానిని తీసివేయును. పిమ్మట ఆ ధ్వని ఎంత త్వరగా లేవవలెను, ఎంత త్వరగా తగ్గవలెను, ఏ మట్టమున నిలువవలెను, ఎట్లు అణగవలెను అను నాలుగు దశలను నిర్ణయించును. చటుక్కున లేచి మెల్లగా అణగినచో మీటిన తీగవలె నుండును. మెల్లగా లేచి నిలిచినచో ఊదిన వాద్యమువలె నుండును.

ఇంత శాస్త్రమున్నను తంబురా నాదమును పుట్టించుట సులభము కాదు. తంబురా గుర్రముపై తీగక్రింద ఒక నూలు పోగు ఉంచుదురు. దానికి జీవా అని పేరు. ఆ పోగును వెంట్రుకవాసి జరిపినచో నాదము విచ్చుకొనును. బాల్యమున విశాఖపట్టణములో చదివిన సర్ సి. వి. రామన్ 1921లో మన తీగవాద్యములనుగూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. తీగను మీటిన చోటునుబట్టి వినబడకూడని అనుస్వరములు సైతము వీణ, తంబురాలలో వినబడుననియు, వంపు గల గుర్రమే అందులకు కారణమనియు వారు చూపిరి. మన షోలాపురమునకు దూరము కాని మిరజు పట్టణములో తంబురాలు చేయువారు ఆ వంపును నేటికిని చేతితో అరగదీసి, చెవితో సరిచూచుకొనుచున్నారు. ఒక్క పోగులో ఎంత ప్రాణమున్నదో పోగులతో బ్రతికిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవ రకము పనిముట్లు ధ్వనిని సంస్కరించునవి. ఈక్వలైజరు మంద్ర, మధ్య, తార ధ్వనులను విడివిడిగా హెచ్చించును, తగ్గించును. కంప్రెసరు పెద్ద ధ్వనిని అణచి, చిన్న ధ్వనికిని దానికిని గల అంతరమును తగ్గించును. రివర్బు ప్రతిధ్వనిని చేర్చును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, 17 మీటర్ల దూరముననున్న గోడకు తగిలి తిరిగి వచ్చుటకు సెకనులో పదవ వంతు పట్టును. విహారయాత్రలో విజాపురపు గోల్ గుంబజు చూచిన పిల్లలు అచ్చట ఒక్క కేక ఎన్నిసార్లు మారుమ్రోగునో ఎరుగుదురు. అట్టి కట్టడములో ఒక బుడగను పగులగొట్టి, ఆ మ్రోతను రికార్డు చేసికొన్నచో అది ఆ కట్టడపు ముద్ర యగును. ఆ ముద్రను మన పాటలోని ప్రతి కొలతకును గణితముచే అన్వయించినచో, గదిలో పాడిన పాట ఆ గుమ్మటము క్రింద పాడినట్లు వినబడును. అయితే ఈ పనిముట్లు కూరలో ఉప్పువంటివి. క్రొత్తగా నేర్చినవారు మితిమీరి వేయుదురు, మాటలు మునిగిపోవును.

ఈ పనిముట్లను పెద్ద సంగీత సాఫ్ట్‌వేరునకు తగిలించుకొనవచ్చును గనుక ప్లగిన్లు అందురు. జర్మనీలోని స్టైన్‌బర్గు సంస్థ 1996లో సంస్కరణ పనిముట్లకును, 1999లో వాద్యములకును ఒక ఉమ్మడి పద్ధతిని వెలువరించుటచే ఒకరు చేసిన వాద్యము మరియొకరి సాఫ్ట్‌వేరులో పలుకుటకు దారి యేర్పడినది.

ఇక మన సంగీతమునకు ముఖ్యమైన ప్రశ్న యొకటి మిగిలినది. మీటలపై స్వరములు మెట్లువలె విడివిడిగా నుండును. మన రాగములో స్వరము మెట్టు కాదు; నడక. తోడిలోని గాంధారమును గమకము లేక నిలిపినచో అది తోడి యగుట లేదు. ఈ ఆక్షేపణ పాతది. ఇట్టి కారణముచేతనే 1940 నుండి 1971 వరకు ఆకాశవాణిలో హార్మోనియమునకు ప్రవేశము లేకుండెను. అయినను అదే హార్మోనియము తెలుగు పద్యనాటకమునకు ప్రాణమైనది. మెట్ల నడుమ ఖాళీని గాయకుని గొంతు నింపినది. కంప్యూటరులోనైతే స్వరమును వంచుటకు ఒక చక్రము కూడ కలదు. మిడి భాషలో దానికి 16,384 మెట్లు. కావున సాధన మున్నది. ఎంత వంచవలెనో, ఎప్పుడు విడువవలెనో త్రిప్పువాని చెవికి తెలియవలెను. ఆ చెవి పాడి నేర్చుటవలన వచ్చును గాని కొనుటవలన రాదు.

ఇప్పుడు చప్పట్ల కథను ముగించెదము. అవ్వ మాట విన్న ఆ ముగ్గురు పిల్లలు ఊరకుండలేదు. ఒక ఆదివారమునాడు పన్నెండుగురు అవ్వలను పాఠశాలకు పిలుచుకొని వచ్చిరి. గది గోడల మ్రోత వినబడకుండ చుట్టును మన ఊరి దుప్పట్లనే వ్రేలాడదీసిరి. ఒక్కొక్కరిచే మెల్లగా ఐదు, గట్టిగా ఐదు చప్పట్లు కొట్టించి, మొత్తము 120 చప్పట్లు రికార్డు చేసిరి. వానిని శాంప్లరులో వంతులవారీగా అమర్చి, గడి గీతనుండి కొంచెము ముందు వెనుకలుగా జరిపిరి. తిరిగి వినిపించినప్పుడు ఆ మొదటి అవ్వ నవ్వి, "గా ఎనుక వడ్డది నాదే" అన్నది.

మేము చాల సంతోషించితిమి. కాని ఆ పన్నెండుగురిలో ఒకరు ఈ సంవత్సరము మన మధ్య లేరు. ఆమె చప్పట్లు పది మా కంప్యూటరులో భద్రముగా నున్నవి. మగ్గమువద్ద పాడుకొను పాటలు ఆమెకు ఎన్నియో వచ్చునని ఆమె మనుమరాలు చెప్పగా పిమ్మట తెలిసినది. అవి మా యొద్ద ఒక్కటియు లేవు. ఆ దినమున ఆమె రెండు గంటలు మా యెదుట కూర్చున్నది. మేము చప్పట్లు అడిగితిమి గాని పాట అడుగలేదు. ఆ లోపము యంత్రమునది కాదు, మాది.

కావున విద్యార్థులారా, ఈ విద్యను తప్పక నేర్చుకొనుడు. ఆడాసిటీ, ఎల్ఎమ్ఎమ్ఎస్ వంటి సాఫ్ట్‌వేర్లు వెల లేకయే లభించును. దొంగప్రతులతో పని లేదు. కాని శాంప్లరు తనకు ఇచ్చినదానినే తిరిగి ఇచ్చును. అందుచేత రాబోవు సెలవులలో ప్రతివారును ఇంటిలోని అవ్వయొద్దనో, తాతయొద్దనో కూర్చుండి, వారి అనుమతితో ఒక్క పాటనైన మొదటినుండి తుదివరకు రికార్డు చేసి తెండు. పాడినవారి పేరు, ఊరు, తేది, ఆ పాట పాడు సందర్భము ఒక పుస్తకములో వ్రాయుడు. నాడె ఆడు చప్పుడు వెనుక వినబడినను తుడిచివేయకుడు. మేళము తరువాత కట్టవచ్చును. ముందు పాట చేతికి రావలెను.