జీర్ణాశయం తీసేస్తే ఎముకలు ఎందుకు గుల్లబారతాయి?

క్యాన్సర్ వస్తే ఒక్కోసారి జీర్ణాశయం మొత్తం తీసేస్తారు. మనిషి బతుకుతాడు, తింటాడు కూడా! కానీ కొన్నేళ్లకు ఎముకలు గుల్లబారొచ్చు. ఎందుకు?

కోడిగుడ్డు పెంకును నిమ్మరసంలో వేసి చూడండి, బుడగలొస్తూ కరుగుతుంది. తిండిలోని కాల్షియాన్ని జీర్ణాశయంలోని ఆమ్లం ఇలాగే కరిగిస్తుంది. కరిగితేనే పేగులు పీల్చుకోగలవు. జీర్ణాశయం లేకపోతే ఆ ఆమ్లమూ ఉండదు, కాల్షియం సరిగా ఒంటికి అందదు. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం ఊరుకోదు, ఎముకల్లోంచి తోడేసుకుంటుంది.

ఇక్కడే పీచు అక్కరకొస్తుంది. అన్ని పీచులూ కాదు సుమా! ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టో ఆలిగోశాకరైడ్లు అనే పీచు పదార్థాలను పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తాయి. దాంతో కాల్షియం కరగడానికి ఇంకో అవకాశం దొరుకుతుంది. జీర్ణాశయం తీసేసిన ఎలుకలకు వీటిని తినిపిస్తే ఎముకలు నిలబడ్డాయని జపాన్ పరిశోధకులు 1990లలో చూపారు. మనుషులకైతే డాక్టర్లు కాల్షియం, విటమిన్ డి మాత్రలే రాస్తారు.