మీకు తెలుసా? వదులు కేబుల్, వేగం పెరిగిన న్యూట్రినో!

జర్నల్‌లో అచ్చు కాకముందే అందరి ముందూ పెట్టే పరిశోధన పత్రమే ప్రీప్రింట్. అచ్చయ్యేలోపు అది ఎంతగా మారిపోతుందో చెప్పాలంటే న్యూట్రినోలపై ప్రయోగాలు చేసిన ‘ఒపేరా’ బృందం కథే చెప్పాలి.

2011 సెప్టెంబరులో వాళ్లు ప్రీప్రింట్ల వెబ్‌సైట్ ‘ఆర్కైవ్’లో పెట్టిన పత్రం ప్రకారం, జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల నుంచి 730 కిలోమీటర్ల అవతల ఇటలీలోని గ్రాన్ సాసోకు న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతికన్నా దాదాపు 60 నానోసెకన్లు ముందే చేరాయి. కాంతిని మించిన వేగం లేదన్న ఐన్‌స్టీన్ పొరబడ్డాడా అని ఒకటే గగ్గోలు!

తీరా చూస్తే, జీపీఎస్ సమయాన్ని మోసుకొచ్చే ఫైబర్ కేబుల్ కాస్త వదులుగా ఉండి, సమయం లెక్క తప్పింది. (ఇంట్లో టీవీ కేబుల్ గుర్తొస్తే తప్పు మీది కాదు.)

2012లో జర్నల్‌లో వచ్చిన పత్రంలో ఆ వింత మాయం. లెక్క కాంతి వేగానికి సరిపోయింది. ఆర్కైవ్‌లో ఆ పత్రం సంఖ్య మాత్రం అదే, 1109.4897. పాత కూర్పు కూడా అక్కడే భద్రంగా ఉంది.