మూగబోయిన యంత్రములు – మేము నేర్చుకొన్న మరమ్మతు

మా కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో ఇరవై యంత్రములు ఉన్నవి. 2025 నవంబరు నాటికి వానిలో పనిచేస్తున్నవి పదకొండు మాత్రమే. మిగిలిన తొమ్మిదింటి మీద దుమ్ము పేరుకొని, తెరల మీద ఎవరో చూపుడువేలితో తమ పేర్లు కూడ వ్రాసి ఉంచారు. అది ఉపకార వేతనాలకు దరఖాస్తులు పెట్టుకొనే కాలము. మాలో అనేకుల ఇండ్లలో కంప్యూటరు లేదు. ఇంటికి ఒకే ఫోను, అది తండ్రితో పాటు పనికి వెళ్లిపోతుంది. కావున ఆ పదకొండు యంత్రముల ముందు ఉదయము తొమ్మిది గంటలకే వరుస కట్టి నిలబడవలసి వచ్చేది.

కళాశాల కమిటీ పెద్దల ముందు అప్పుడు రెండు మార్గములు ఉండినవి. తొమ్మిది యంత్రములను తూకానికి అమ్మి కొత్తవి కొనుట ఒకటి. ఉన్నవానితో సరిపెట్టుకొనుట రెండవది. కొత్తవి కొనవలెనంటే గ్రంథాలయములో ఉర్దూ, తెలుగు పుస్తకముల కోసము ఉంచిన మొత్తమును ముట్టుకొనక తప్పదు. ద్వితీయ సంవత్సరము విద్యార్థులమైన మేము ఆరుగురము ప్రిన్సిపాల్‌గారిని కలిసి రెండు నెలల గడువు అడిగాము. మాకు ఆ పని తెలుసునని కాదు. తెలియకపోయినా ఆ తొమ్మిదింటికి మావల్ల కొత్తగా జరిగే నష్టము ఉండదని మాత్రమే మా వాదన. ఆ వాదన పూర్తిగా నిజము కాదని తరువాత తేలినది. ఆ సంగతి ముందు చెబుతాము.

మరమ్మతు అనే మాట మన తెలుగులోనికి ఉర్దూ నుంచి వచ్చినదే. మాకు ఆ విద్య కూడ అదే దారిలో వచ్చినది. మా కళాశాల పూర్వవిద్యార్థి ఒకరు సికింద్రాబాదులో కంప్యూటరు విడిభాగములకు పేరుపొందిన చెనాయ్ ట్రేడ్ సెంటరులో చాలకాలముగా పనిచేస్తున్నారు. మేము వారిని ఉస్తాద్ అని పిలిచాము. ఆదివారములు వచ్చి నేర్పేవారు. తొలినాడు మేము స్క్రూడ్రైవర్లు పట్టుకొని సిద్ధముగా నిలబడితే, “బేటా, ముందు గోడను చూడండి, తరువాత పెట్టెను చూద్దాము” అన్నారు.

గోడ సంగతికి పూర్వము ఒక చిన్న చరిత్ర. ఈ యంత్రమును ఎవరైనా విప్పి బాగుచేయగలుగుట యాదృచ్ఛికము కాదు. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినప్పుడు అందలి భాగములను చాలవరకు ఇతర సంస్థల నుంచి కొని కూర్చినది. వలయముల పటములను సైతము పుస్తకముగా అచ్చువేసినది. ఇతరులు చూచి అటువంటివే తయారుచేశారు. ఆ తరువాత 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే కొలతలు నిర్ణయించినది. మదర్‌బోర్డు మరలు ఎక్కడ రావలెను, విద్యుత్తు తీగల రంగులు ఏవి, అన్నీ అందులోనే. ఒక కంపెనీ పెట్టెలో వేరొక కంపెనీ బోర్డు నేటికీ ఇముడుతున్నదంటే కారణమిదే. చేతిఫోనును ఇట్లు విప్పలేకపోవుటకు కారణము కూడ పాఠకులు ఊహింపవచ్చును.

ఇక గోడ. మా ప్రయోగశాలలో పెట్టెను తాకితే వేళ్లకు సన్నని జలదరింపు తగిలేది. అది యంత్రము సహజగుణమని అందరమూ అనుకొన్నాము. ఉస్తాద్ మల్టీమీటరు ఒక కొనను పెట్టె లోహానికి, మరియొక కొనను కిటికీ ఇనుపచువ్వకు ఆనించి చూపారు. నూరు వోల్టులకు పైగా చూపినది! యంత్రమునకు విద్యుత్తును అందించే ఎస్.ఎం.పి.ఎస్. అనే పెట్టెలో, అలజడిని వడకట్టుటకు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి, ఒకటి న్యూట్రల్ నుంచి లోహపు పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్తు తీగ సరిగా ఉంటే ఆ కొద్దిపాటి విద్యుత్తు భూమిలోనికి పోతుంది. ఎర్తు లేకపోతే పెట్టె 230 వోల్టులకు సుమారు సగము వద్ద తేలుతూ ఉంటుంది. ప్రవాహము అత్యల్పము కావున మనిషికి జలదరింపే. కాని పెన్‌డ్రైవు, ప్రింటరు తీగ తగిలించే క్షణములో సున్నితమైన వలయములకు అది మంచిది కాదు. ప్లగ్గులో పైన ఉండే లావుపాటి పిన్ను ఈ భూమి కోసమే. మా గోడ సాకెట్లలో ఆ రంధ్రము ఉన్నది, వెనుక తీగ లేదు. స్క్రూడ్రైవరు అవసరమే లేని ఈ మొదటి మరమ్మతును ఎలక్ట్రీషియన్ చేశాడు. అన్నింటిలోకీ ఖర్చయినదీ ఇదే.

తొమ్మిదింటిలో రెండు బొత్తిగా ప్రాణము లేనివి. మీట నొక్కితే దీపము లేదు, ఫ్యాను లేదు. ఇట్టివాటికి ముందుగా ఎస్.ఎం.పి.ఎస్.ను పరీక్షింపవలెను. దాని 24 పిన్నుల కనెక్టరును బోర్డు నుంచి ఊడదీసి, ఆకుపచ్చ తీగ గుంటను ఏదైనా నల్లతీగ గుంటతో చిన్న కాగితపు క్లిప్పు ద్వారా కలిపితే, బాగున్న ఎస్.ఎం.పి.ఎస్. ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను తిరిగినంత మాత్రాన సరిపోదు. పసుపు తీగలో 12, ఎఱ్ఱ తీగలో 5, నారింజ తీగలో 3.3 వోల్టులు రావలెను. నూటికి ఐదు పాళ్లు అటూ ఇటూ అయితే దోషము లేదు. ఊదారంగు తీగలో మాత్రము మీట నొక్కకపోయినా 5 వోల్టులు ఉంటాయి. అందుచేతనే గోడ వద్ద విద్యుత్తు ఆపకుండా లోపల చేయి పెట్టరాదు. మా రెండు యంత్రములలోనూ ఊదాతీగయే ఖాళీగా ఉన్నది. ఎస్.ఎం.పి.ఎస్.లు మార్చాము, లేచినవి. చెడిపోయినవాటిని విప్పి చూతుమా అన్న ఉబలాటము మాకు కలిగినది కాని ఉస్తాద్ ఒప్పుకొనలేదు. 230 వోల్టుల ప్రవాహమును ఏకముఖము చేయగా అందులోని పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. తీగ ఊడదీసిన తరువాత కూడ కొంతసేపు అట్లే ఉండవచ్చును.

మరి మూడు యంత్రములలో ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు. బజారు భాషలో దీనిని ‘నో డిస్‌ప్లే’ అంటారు. ఇక్కడ నేర్చుకొన్న పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. యంత్రమును కనీస స్థితికి తేవలెను. బోర్డు, ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒకే ఒక ర్యామ్ పలక, ఎస్.ఎం.పి.ఎస్. – ఇంతే ఉంచి, డిస్కులు, అదనపు కార్డులు అన్నీ ఊడదీయవలెను. అప్పుడు పలికితే ఒక్కొక్క భాగమునే తగిలిస్తూ, ప్రతిసారీ నడిపి చూస్తూ పోవలెను. ఏది తగిలించగా మూగబోయినదో దోషము దానిలోనే. ఒకేసారి రెండు భాగములు మారిస్తే యంత్రము బాగుపడవచ్చునుగాని, ఎందువలన బాగుపడినదో తెలియదు. బోర్డుకు పది, ఇరవై రూపాయల చిన్న బజ్జరు తగిలిస్తే అది చేసే కూతలు కూడ సహాయపడతాయి. పదేపదే కూస్తే చాల సందర్భాలలో ర్యామ్ మీదనే అనుమానము. మా మూడింటిలోనూ దోషి ర్యామే, సరిగా చెప్పవలెనంటే దాని అంచున ఉండే బంగారుపూత స్పర్శల మీద పట్టిన మకిలి. పెన్సిలు చెరిపే మెత్తని రబ్బరుతో, పలకను బోర్డుకు దూరముగా పట్టుకొని మెల్లగా రుద్ది, పొడి దులిపి, తిరిగి రెండువైపులా కొక్కెములు పడేవరకు నొక్కాము. మూడూ పలికినవి. పైసా ఖర్చు లేదు! వీటిని తూకానికి వేయబోయామే అని తలచుకొంటే సిగ్గు కలిగినది.

ర్యామ్ కొనేవారికి ఒక మాట. 240 స్పర్శలు గల డి.డి.ఆర్.3 పలక, 288 స్పర్శలు గల డి.డి.ఆర్.4 స్లాటులో కూర్చొనదు. గాడి చోటు మార్చి చేయుటలో ఉద్దేశమే అది. పట్టకపోతే బలము ప్రయోగింపరాదు; బలము అవసరమైన చోట తప్పు జరుగుతున్నదని గ్రహింపవలెను.

ఇదే మాట మేము పాటించి ఉంటే తరువాతి సంగతి వ్రాయవలసిన పని ఉండేది కాదు. రెండు యంత్రములు పది నిమిషములు నడచి వాటంతటవే ఆగిపోతుండేవి. కారణము వేడి. ప్రాసెసరు వేడెక్కితే ముందు తన వేగమును తానే తగ్గించుకొంటుంది. అయినను వేడి ఇంకా పెరిగితే ఆత్మరక్షణకై ఆగిపోతుంది. అల్యూమినియము రెక్కల నడుమ దుమ్ము దూదిపరుపువలె పట్టి ఉన్నది. ప్రాసెసరుకూ లోహానికీ మధ్య వేడిని చేరవేసే పేస్టు ఎండి సున్నమైనది. మొదటి యంత్రమును ఉస్తాద్ సమక్షములో శుభ్రపరిచాము. బ్లోయరు పెట్టునప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి ఉంచవలెను, లేకపోతే అది అతివేగముగా తిరిగి బేరింగు చెడుతుంది. పాత పేస్టు తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టి బిగించాము. అది రోజంతా నడచినది.

రెండవ దానిని మరునాడు ఉస్తాద్ రాకుండానే పట్టుకొన్నాము. పేస్టు మార్చుటకు ప్రాసెసరును గూటి నుంచి తీయనక్కరలేదు. మేము తీశాము, చూడవలెనన్న కుతూహలముతోనే. ఆ యంత్రములోని ఇంటెల్ గూడులో 1151 సన్నని వంపు తీగలు నిలబడి ఉంటాయి. ప్రాసెసరు వాటి మీద పరుండి ఉంటుంది. తిరిగి పెట్టునప్పుడు మాలో ఒకరి చేతిలో నుంచి అది జారి మూలగా పడినది. మూడు, నాలుగు తీగలు వంగినవి. సూదితో సరిచేయబోగా ఒకటి విరిగినది. బోర్డు పోయినది. పనిచేయని యంత్రమునకు నష్టమేమి చేయగలమని అన్న మేమే, పది నిమిషములైనా పనిచేస్తున్నదానిని చంపాము. ప్రిన్సిపాల్‌గారి గదికి ఆరుగురమూ కలిసే వెళ్లాము. వారు కోపపడలేదు, విరిగిన బోర్డును తమ బల్ల మీదనే ఉంచుకొన్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నది.

పనిచేస్తున్న పదకొండింటిలో ఒకటి మాకు విచిత్రమైన పాఠము నేర్పినది. దాని మీద దరఖాస్తు వెబ్‌సైటు తెరవబోతే భద్రత లేదని హెచ్చరిక వచ్చి ఆగిపోయేది. సైటుదే లోపమని విద్యార్థులు పక్క వరుసలోనికి పోయేవారు. ఒకనాడు మూలన తేదీ చూస్తే అనేక సంవత్సరముల వెనుకటిది! విద్యుత్తు లేనప్పుడు గడియారమును నడిపేది బోర్డు మీది సి.ఆర్.2032 అనే మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ. అది అయిపోయినది. సురక్షిత సైటుల ధ్రువపత్రములు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతాయి. యంత్రము తేదీ వెనుకబడితే అది ఆ పత్రమును నమ్మదు. కొద్ది రూపాయల బిళ్ల మార్చగానే సైటు తెరుచుకొన్నది. ఆ యంత్రము ముందు నుంచి ఎందరు నిరాశతో లేచిపోయి ఉంటారో!

ఎనిమిదవ యంత్రములో హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమని కొట్టుకొంటున్నది. అందులో తృతీయ సంవత్సరము విద్యార్థినుల ప్రాజెక్టు రిపోర్టు ఉన్నది, వేరొక ప్రతి లేదు. నిమిషమునకు 7200 చుట్లు తిరిగే పళ్లెము మీద, తాకీ తాకనంత ఎత్తున చదివే తల తేలుతూ ఉంటుంది. ఆ శబ్దము వినిపించినప్పుడు మళ్లీ మళ్లీ నడిపి చూచుట గాయమును గోకుటవంటిది. ఒకే ఒకసారి వేరొక యంత్రమునకు తగిలించి, అతిముఖ్యమైన దస్త్రములను మొదట నకలు చేశాము. రిపోర్టు దక్కినది. దానిలోని ఫొటోలు సగము దక్కలేదు. డిస్కు స్థానములో ఎస్.ఎస్.డి. పెట్టాము. అందులో తిరిగే భాగములు లేవు కావున యంత్రము వేగము పెరిగినది, కాని అది కూడ ఏనాటికైనా చెడేదే, పైగా శబ్దము చేయకుండ చెడుతుంది. ఇప్పుడు ప్రతి శుక్రవారము నకలు తీస్తున్నాము.

తొమ్మిదవది అన్నింటిలో పాతది. దాని బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి తలలు పగిలి ఉన్నవి, వదలివేశాము. ఈ విధముగా తొమ్మిదింటిలో ఏడు లేచినవి, రెండు పోయినవి. వంగిన గూటిలోని ప్రాసెసరు మాత్రము చెక్కుచెదరలేదు. దానికై కమిటీవారు బోర్డు కొనుటకు అనుమతించారు. కొనేటప్పుడు ఒక చిక్కు తెలిసినది. 2015లో వచ్చిన ఆరవ తరము ప్రాసెసరుకూ, 2017లో వచ్చిన ఎనిమిదవ తరము ప్రాసెసరుకూ గూటిలో 1151 తీగలే; అయినను ఒకదాని బోర్డు మరియొకదానికి పనికిరాదు. మాది ఆరవ తరము. బోర్డు మీద అచ్చయిన పేరు చూచి కొన్నాము. పెట్టెలో బిగించునప్పుడు ఇత్తడి దిమ్మెలు మరువలేదు. అవి లేకుంటే బోర్డు అడుగు లోహానికి తగిలి షార్టు అవుతుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ భద్రతా సవరణలను 2025 అక్టోబరు 14తో ఆపినది. విండోస్ 11 ఆరవ తరము ప్రాసెసర్లను అధికారికముగా అంగీకరింపదు. కావున లేచిన యంత్రములలో ఉచితమైన లినక్సు పెట్టాము. తెలుగు ఇన్‌స్క్రిప్టు కీబోర్డు, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ లిపి రెండూ అందులో చక్కగా పనిచేస్తున్నవి. పాడైన బోర్డులను పాత ఇనుపవానికి ఇవ్వలేదు. ఈ-వ్యర్థములపై 2022 నాటి కేంద్ర నియమావళి ప్రకారము వాటిని నమోదు పొందినవారికే అప్పగింపవలెను.

కమిటీ పెద్దలను మేము కోరేది రెండు అదనపు ఎస్.ఎం.పి.ఎస్.లు, ఒక మల్టీమీటరు, పది బిళ్ల బ్యాటరీలు. ఇక ఎర్తు గుంట సంగతి. అది వెనుక వేపచెట్టు పక్కన ఉన్నది. ఎండకు నేల ఆరితే ఎర్తు బలహీనపడుతుంది. కావున ఏప్రిల్, మే నెలలలో వారమునకు రెండు బిందెల నీరు పోయవలెను. ఈ ఏడు ఆ పని ప్రథమ సంవత్సరము వారు ఒప్పుకొన్నారు. మూత తాళపుచెవి అటెండరుగారి వద్ద ఉన్నది.