గడువు తీరిన పేరుకు పరపతి మిగులుతుందా?

ముప్పై ఏళ్లు నమ్మకంగా నడిచిన విత్తనాల కొట్టు మూతపడిందనుకుందాం. యజమాని ఊరు విడిచి వెళ్లాడు. బోర్డు మాత్రం అలాగే ఉండిపోయింది. కొత్త ఆసామి ఎవరో ఆ గది అద్దెకు తీసుకుని, అదే బోర్డు కింద నాసిరకం సరుకు పెట్టాడు. పొరుగూరి రైతుకు ఈ సంగతి తెలియదు. పాత పేరు చూసి లోపలికి వస్తాడు, డబ్బు చెల్లించి వెళతాడు. మొలక రానప్పుడు గానీ మోసం బయటపడదు.

ఇంటర్నెట్‌లో ఈ తంతు నిత్యం సాగుతోంది. అక్కడ బోర్డును డొమైన్ అంటారు. ఏదైనా వెబ్‌సైట్‌లోకి వెళ్లడానికి మనం ఫోనులో కొట్టే పేరే డొమైన్. దాని చివర డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ ఆర్గ్ అంటూ తోకలుంటాయి. ఇలాంటి పేరు గడువు తీరి చేతులు మారితే, గూగుల్ దగ్గర దానికున్న పరపతి కూడా కొత్తవాడికి దక్కుతుందా? చూడ్డానికి ఇది పట్నం వ్యాపారుల తగాదాలా కనిపిస్తుంది. కానీ పురుగుమందు పేరో, బ్యాంకు పేరో, సర్కారు పథకం పేరో ఫోనులో వెదికే ప్రతి ఒక్కరికీ దీనితో పని ఉంది.

పట్టా కాదు... కౌలే!

డొమైన్ కొన్నామని అందరూ అంటారు. నిజానికి అది కొనుగోలు కాదు, కౌలు. ఒక విడతకు ఏడాది మొదలు గరిష్ఠంగా పదేళ్ల వరకు రుసుము కట్టి పేరు ఉంచుకోవచ్చు. గడువులోగా మళ్లీ కట్టకపోతే పేరు చేజారుతుంది. ప్రపంచంలో ఈ పేర్ల వ్యవహారాన్ని 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ చూస్తుంది. మన దేశపు డాట్ ఇన్ పేర్లను నిక్సీ సంస్థ చూస్తుంది. జనానికి పేర్లు ఇచ్చే కంపెనీలను రిజిస్ట్రార్లు అంటారు.

గడువు తీరిన మర్నాడే పేరు పోదు. డాట్ కామ్ వంటి పేర్ల విషయంలో రిజిస్ట్రారు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి హెచ్చరించాలి. గడువు దాటిన 5 రోజుల్లో ఇంకోసారి చెప్పాలి. ఆ పైన 45 రోజుల వరకు రిజిస్ట్రారు ఓపిక పట్టవచ్చు. పట్టాలన్న నిబంధన మాత్రం లేదు. తర్వాత 30 రోజులు విడిపించుకునే గడువు. అప్పుడు మామూలు రుసుముకు తోడు అదనపు సొమ్ము వదులుతుంది. అదీ దాటితే 5 రోజులు పేరుకు తాళం. ఆ తర్వాత ఎవరు ముందు వస్తే వారిదే. చాలామంది రిజిస్ట్రార్లు వ్యవహారాన్ని అంతదాకా రానివ్వరు. మధ్యలోనే వేలం పాడేస్తారు.

ఏమరుపాటు మహామహులకే తప్పలేదు. 1999లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు రుసుము కట్టడం మరిచింది. హాట్‌మెయిల్ వాడేవారిలో చాలామందికి ఉత్తరాలు తెరుచుకోలేదు. క్రిస్మస్ రోజున మైకేల్ చేనీ అనే అమెరికా ప్రోగ్రామర్ తన జేబులోంచి 35 డాలర్లు కట్టి గండం గట్టెక్కించాడు. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది.

మాటసాయమే పెట్టుబడి

పేరుకు పరపతి ఎలా వస్తుంది? గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడే ఒక పద్ధతి కనిపెట్టారు. ఒక వెబ్‌సైట్ మరో వెబ్‌సైట్‌కు దారి చూపితే దాన్ని లింకు అంటారు. ఆ లింకును వారు మాటసాయంగా లెక్కగట్టారు. ఫలానా కొట్టు మంచిదని పదిమంది చెబితే ఒక విలువ. ఊరంతా గౌరవించే పెద్దమనిషి ఒక్కడు చెబితే అంతకుమించిన విలువ. ఈ లెక్కకు పేజ్ ర్యాంక్ అని పేరు. ఇప్పుడు గూగుల్ ఇంకా ఎన్నో సంగతులు చూస్తోంది గానీ, లింకుల మాట పూర్తిగా కొట్టివేయలేదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. బడి, ఆసుపత్రి, పత్రిక పదేళ్లు నడిస్తే, వందల సైట్లు వాటికి లింకులు ఇచ్చి ఉంటాయి. సంస్థ మూతపడినా ఆ లింకులు ఎక్కడివక్కడే ఉంటాయి. పేరును పాడుకున్నవాడికి పదేళ్ల మాటసాయం ఒక్క రోజులో చేతికొస్తుంది. చెమటోడ్చకుండా పండిన పంట అన్నమాట. అందుకే ఇలాంటి పేర్లను గాలించి, వేలంలో పాడి, పది రెట్లకు అమ్మే వ్యాపారులు పుట్టుకొచ్చారు.

అమెరికాలో ది హెయిర్‌పిన్ అనే మహిళల పత్రిక వెబ్‌సైట్ 2018లో మూతపడింది. ఆ పేరు తర్వాత సెర్బియా వ్యాపారి చేతికి చిక్కింది. కృత్రిమ మేధ రాసిన సరుకుతో అతను దాన్ని నింపిన వైనం 2024లో రచ్చకెక్కింది. ఆపిల్ కంప్యూటర్ల వార్తలు రాస్తూ 2015లో ఆగిపోయిన మరో వెబ్‌సైట్‌దీ ఇదే కథ. 2024లో అది మళ్లీ లేచింది. ఎప్పుడో మానేసిన విలేకరుల పేర్లు పెట్టి, వారు రాయని రాతలు అచ్చువేశారు. తమ పేరుతో వెలసిన వ్యాసాలు చూసి ఆ విలేకరులే నివ్వెరపోయారు.

2024లో కొరడా

ఈ దందాపై గూగుల్ 2024 మార్చి 5న కొత్త నిబంధన ప్రకటించింది. గడువు తీరిన పేరును ముఖ్యంగా ర్యాంకు కోసమే కొని, జనానికి పనికిరాని సరుకు పెడితే దాన్ని దుర్వినియోగంగా లెక్కగడతామంది. అలాంటి సైటును వెనక్కి నెడతారు, లేదా జాబితాలోంచే తీసేస్తారు. గూగుల్ ఇచ్చిన ఉదాహరణలు వింటే విషయం ఇట్టే బోధపడుతుంది. ఒకప్పటి ప్రాథమిక పాఠశాల పేరు మీద జూదం. ఒకప్పటి ధర్మ వైద్య సంస్థ పేరు మీద మందుల అమ్మకం. ఒకప్పటి ప్రభుత్వ శాఖ పేరు మీద కమీషన్ వ్యాపారం.

అయితే పాత పేరు తీసుకోవడమే నేరం కాదు. జనానికి పనికొచ్చే కొత్త సైటు నిజాయితీగా నడుపుకొంటే అభ్యంతరం లేదని గూగుల్ స్పష్టం చేసింది.

మరి పరపతి మిగులుతుందా? రెండు మాటల్లో చెప్పాలంటే... గ్యారంటీ లేదు. పేరు చేతులు మారినా పాత పనే సాగితే, పాత లింకులకు అర్థం ఉంటుంది. వ్యవసాయం పేరు మీద వ్యవసాయమే రాస్తే ఆ మాటసాయం చెల్లవచ్చు. బడి పేరు మీద జూదం పెడితే అది పట్టుబడేదాకే. ఇంతకుముందు ఉన్నవాడు తప్పుడు పనులు చేసి శిక్ష పడ్డ పేరైతే, ఆ మచ్చ కొత్తవాడికి అంటుకోవచ్చు. కౌలుకు తీసుకున్న చేనుతో పాటు పాత బకాయి నెత్తిన పడ్డట్టే. ‘పాత పేరు, పెద్ద పరపతి’ అంటూ వేలకు వేలు అడిగేవారి మాట నమ్మేముందు, ఆ పేరు మీద ఇదివరకు ఏం నడిచిందో చూసుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ పాత వెబ్‌పేజీలను భద్రపరుస్తోంది. అందులో ఉచితంగా చూడవచ్చు.

యంత్రం మరిచినా మనిషి మరవడు

గూగుల్ విలువ తీసేసినంత మాత్రాన ప్రమాదం తప్పిపోదు. పాత కరపత్రాల మీద, గోడల మీద, వాట్సాప్ సందేశాల్లో ఆ చిరునామా అలాగే ఉంటుంది. మనుషులు నేరుగా అక్కడికే వెళతారు. అంతకన్నా ముప్పు ఈమెయిల్‌తో ఉంది. పేరు ఎవరి చేతిలో ఉంటే ఆ పేరుకు వచ్చే ఉత్తరాలు కూడా వారికే చేరేలా పెట్టుకోవచ్చు. బ్యాంకు ఖాతాకు ఆ ఈమెయిలే ఇచ్చి ఉంటే, గుట్టంతా పరాయివాడి చేతికి పోయినట్టే.

బడుల పూర్వ విద్యార్థుల సంఘాలు, ఆలయ కమిటీలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు తమ పేర వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నాయి. ఉత్సాహవంతుడైన కుర్రవాడు తన ఈమెయిల్‌తో పేరు నమోదు చేయిస్తాడు. ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. హెచ్చరికలన్నీ ఎవరూ చూడని పెట్టెలో పడతాయి. అందుకే పేరు సంఘం పేరనే నమోదు కావాలి. హెచ్చరికలు అందే ఫోను, ఈమెయిల్ కనీసం ఇద్దరి ఎరుకలో ఉండాలి. వీలైతే కొన్నేళ్లకు ఒకేసారి రుసుము కట్టాలి. సైటు మూసేసినా పేరును కొన్నేళ్లు వదలకపోవడం మంచిది. వదిలేముందు బ్యాంకులో, దాతల దగ్గర ఈమెయిల్ మార్పించుకోవాలి.

చివరి అక్షరాలు చూడండి

చూసేవారికీ కొన్ని గుర్తులున్నాయి. డాట్ గవ్ డాట్ ఇన్ తోక ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ తోకకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రారు హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థే కావడం విశేషం. బయటి వ్యక్తి వేలంలో పాడుకునే వీలు అక్కడ లేదు. బ్యాంకు అన్న మాట పేరు మొదట్లోనో, మధ్యలోనో ఉంటే చాలదు. తోక చివర బ్యాంక్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూడాలి.

గూగుల్‌లో మొదట కనిపించింది కదా అని ఏ సైటుకూ డబ్బు, ఓటీపీ ఇవ్వకూడదు. ఒకవేళ ఇచ్చి మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.