వల ఆగే అరవై ఒక్క రోజులు

ఎండలు ముదిరేసరికి మన గన్నవరంలో సముద్రపు చేప ప్రియమైతే విసుక్కుంటాం. కారణం తెలుసుకుందాం.

నాగాయలంక దిగువన, కృష్ణానది సముద్రంలో కలిసేచోట, పాయల నడుమ ఎదురుమొండి దీవి ఉంది. ఆ చుట్టుపక్కల మడ అడవులున్నాయి. చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేది ఆ మడచెట్ల వేళ్ల మధ్యనే.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజను పడవలు సముద్రం మీద వేటకు వెళ్లరాదు. ఎన్నో జాతులు గుడ్లు పెట్టే కాలమది. తెడ్డు, తెరచాపలతో నడిచే పడవలకు మాత్రం మినహాయింపు ఉంది. అవి ఒడ్డు దాపునే పండుగప్ప, రొయ్య, పీతల కోసం వెదుకుతాయి. అక్కడ సన్నకన్ను వల వేస్తే పిల్లలు కూడా చిక్కి, రేపటి పంట నేడే పోతుంది.

వేట ఆగినా ఆకలి ఆగదు. ఇంజను పడవల మత్స్యకారులకిచ్చే భృతిని ప్రభుత్వం 2025లో 10,000 నుండి 20,000 రూపాయలకు పెంచింది. లెక్కవేస్తే రోజుకు దాదాపు 328 రూపాయలు. ఇల్లంతా దానిమీదే గడవాలి.

మరి మన వంతు? వేలెడంత చేపపిల్లలను, గుడ్లున్న పీతలను కొనకుందాం. గంపతో మన వాకిటికి వచ్చిన తల్లితో బేరమాడేముందు, ఆ 61 రోజులను ఒక్కసారి తలచుకుందాం.